వెనక కొయ్య మీది జెండా

అమెరికాలో ప్లేనో ఊరి తెలుగువాళ్ళలో నరసింహంగారి దగ్గర రాగి బిళ్ళల మాటెత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఎత్తితే భోజనం చల్లారేదాకా వదలరు. రెండు శతాబ్దాల కిందట కెనడాలో చిల్లరకు కరువొస్తే జనం డబ్బుకు బదులుగా వాడుకున్న బిళ్ళలవి. వాటి మీద తెరచాపల ఓడ బొమ్మ. అచ్చులు మనుషులు చెక్కినవి కనక అచ్చుకీ అచ్చుకీ వెంట్రుకవాసి తేడా: ఒకదాంట్లో తాడు ఎక్కువ, ఇంకోదాంట్లో అల తక్కువ. ఏ బిళ్ళ ఏ అచ్చులోదో తేల్చడమే ఈ రిటైరైన ఇంజనీరుగారి ఉద్యోగం. జీతం ఎలాగూ లేదు, మనశ్శాంతి కూడా లేదు.

ఎందుకంటే ఆయన దగ్గరున్న ఒక బిళ్ళ ఏ రకంలోనూ చేరదు. ఓడ వెనక తెరచాప కొయ్య కొసన బియ్యపు నూకంత జెండా. అది ఏ పుస్తకంలోనూ లేదు. అంటే ఇంతవరకూ ఎవరి కంటా పడని అచ్చు! పక్కనుంచి లైటు వేస్తే జెండా కనిపిస్తుంది, పైనుంచి వేస్తే మచ్చ కనిపిస్తుంది. ఫొటో తీస్తే మసక. మైక్రోస్కోపులు మార్చారు, కళ్ళజోడు మార్చారు, అందరి మీదా విసుక్కున్నారు. నాణేల క్లబ్బులో ఉన్న దామోదర్‌గారు, ఆయనా రిటైరైనవారే, డాక్టరు, ఎప్పుడు చూపించినా ఒక్కటే మాట: "మురికేమో చూడండి సార్." ఒళ్ళు మండిపోయేది. పోనీ కడిగి చూద్దామా అంటే, పాత రాగిని కడగడం ఆ క్లబ్బువాళ్ళ దృష్టిలో మహాపాపం. చివరికి పట్టుబట్టి శనివారం మీటింగులో ప్రసంగం పెట్టించుకున్నారు.

ముందురోజు వరలక్ష్మీ వ్రతం. తమలపాకులు కొనుక్కుని ఇండియన్ స్టోర్ నుంచి వచ్చేసరికి మైక్రోస్కోపు కింద బిళ్ళ లేదు.

"ఆండాళూ! నా బిళ్ళేదీ?"

"కలశంలో వేశానండీ," అంది ఆవిడ వంటింట్లోంచి. "ఇక్కడి పెన్నీలు పైకే రాగి, లోపలంతా జింక్ అని మీరేగా చెప్పారు? ఇది అసలు రాగి అన్నారని చింతపండూ ఉప్పూ పెట్టి తోమాను. ఎంత మెరిసిందో!"

నరసింహంగారు అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. ఆండాళ్ బిక్కచచ్చిపోయి, పేరంటాళ్ళు ఇంకా రాలేదు కనక, కలశంలోంచి బిళ్ళ తీసి తుడిచి ఇచ్చింది.

దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టారు. ఓడ ధగధగలాడుతోంది. ప్రతి తాడూ, ప్రతి అలా లెక్కపెట్టుకోవచ్చు. వెనక కొయ్య కొస మాత్రం బోడిగా ఉంది. జెండా అరిగిపోయిందనుకుందామంటే పక్కనే వెంట్రుకలాంటి తాడు చెక్కుచెదరలేదు. తాడుని వదిలేసి జెండాని తినే చింతపండు ఎక్కడుంది? అలలూ తాళ్ళూ పోల్చి చూశారు. క్లబ్బులో ప్రతివాడి దగ్గరా ఉండే మామూలు రకం. ఏడుపొచ్చింది ఆయనకి.

"నామీద చెప్పెయ్యండి," అంది ఆండాళ్ మెల్లగా. "నేనే అరగదీసి పాడు చేశానని చెప్పండి. నమ్ముతారు."

నమ్ముతారు! జాలి కూడా పడతారు. చేజారిన గొప్ప అచ్చుగా అది పదికాలాలు నిలిచిపోతుంది. అప్పుడే ఫోన్ మోగింది.

"సార్, రేపటికి ప్రొజెక్టర్ నేను తెస్తున్నా. స్లైడ్స్ రెడీనా?" దామోదర్.

"మా ఆవిడ బిళ్ళని చింతపండుతో తోమేసిందండీ."

"అయ్యయ్యో! జెండా పోయిందా?"

ఆండాళ్ పసుపు చేతులతో ఎదురుగా నిలబడి, అవునని చెప్పమన్నట్టు తల ఊపుతోంది. నరసింహంగారు పళ్ళు కొరుక్కున్నారు. ఆండాళ్ మీద, దామోదర్ మీద, చింతపండు మీద, అన్నిటికన్నా తన మీద తనకే కోపం.

"జెండా ఎప్పుడూ లేదండీ. మీరన్నట్టు మురికే," అని ఫోన్ పెట్టేశారు.

తర్వాత బిళ్ళ తీసి ఆవిడ చేతిలో పెట్టారు.

"ఇంద, కలశంలో వేసుకో. రాగి అన్నది మాత్రం నిజమే."