పెరట్లో పుట్టిన కారు

ఆ రోజుల్లో మా కోనసీమలో ఇంటికి ఏం కావాలన్నా కాలువే తెచ్చిపెట్టేది. ధాన్యం బస్తాలు పడవ మీద, పెళ్ళివారు పడవ మీద, ఆఖరికి మా వదిన కాపురానికి తెచ్చుకున్న బీరువా కూడా పడవ మీదే. పలివెల దగ్గర మా ఊళ్ళో రోడ్డు కాలువకి అవతలి గట్టున ఉండేది, మా ఇల్లు ఇవతలి గట్టున. మధ్యలో రెండు కొబ్బరి దుంగలు పడేసిన వంతెన. దాని మీద నడవడం మాకు నడక వచ్చిన నాటి నుంచీ అలవాటు కనక, రోడ్డుకీ మాకూ మధ్య ఒక అడ్డం ఉందని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. తోచి ఉంటే నేనిప్పుడు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

నాకప్పుడు డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. మా బాబాయికి ఉద్యోగం ఉంది, తృప్తి లేదు. ఆయన హైస్కూల్లో సంస్కృతం మేష్టారు. ఇంట్లో తాతల నాటి నుంచీ అందరూ వేదం చదివినవాళ్ళే అయితే, ఈయనకి మాత్రం యంత్రాల పిచ్చి పట్టుకుంది. కుట్టు మిషను మొదలుకొని గోడ గడియారం దాకా ఆయన విప్పని వస్తువు లేదు (తిరిగి బిగించినవి తక్కువ). అలాంటి మనిషికి, గోదావరి అవతల కపిలేశ్వరపురంలో ఒక ఆసామి పాకలో తెల్లదొరల కాలం నాటి కారు పడి ఉందనీ, అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయనీ తెలిసింది. ఇద్దరం పరిగెత్తాం. "పాక ఖాళీ అయితే అదే పదివేలండి, పట్టుకుపొండి" అన్నాడా ఆసామి. మొత్తం కారుని మోసే పడవ మా కాలువలో లేదు. అందుకని అక్కడే విప్పేసి, చక్రాలు ఒకసారి, ఇంజను ఒకసారి, పై డొప్ప ఒకసారి పడవెక్కించి పెరట్లోకి చేర్చాం.

రెండేళ్ళు పట్టింది. ఇంజను బాబాయి భాగం, మిగతా ఒళ్ళంతా నా భాగం. సీట్లలో కొబ్బరి పీచు కూరి కుట్టింది నేనే (కూర్చున్నవాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయేది). బాబాయి జంధ్యం నల్లగా జిడ్డోడుతుంటే, "దాంతోటే ఇంజను తుడుస్తున్నారా ఏవిటండీ?" అని పిన్ని రోజూ విసుక్కునేది. మా నాన్న పంచాంగం చూసి సరేనంటే గానీ ఒక్క బోల్టు బిగించడానికి వీల్లేదు. మోకాళ్ళు పట్టేసి వసారాలో కుర్చీకే అతుక్కుపోయిన మా నాన్నమ్మ ఈ పనికంతటికీ సూపర్వైజరు. "ఆ సీల నిన్న ఎడంవైపు పెట్టావు, ఇవాళ కుడివైపు పెడుతున్నావేవిట్రా?" అనేది. బాబాయి ఎగిరిపడేవాడు, కాసేపు వాదించేవాడు, తరవాత చప్పుడు చెయ్యకుండా ఎడంవైపు పెట్టేవాడు. అది చూసి ఆవిడ ముసిముసిగా నవ్వుకునేది. ఆవిడకో మొక్కు కూడా ఉంది. తన కొడుకు చేసిన కారు ఇంట్లో ఎక్కి, ద్రాక్షారామంలో భీమేశ్వరుడి గుమ్మం ముందే దిగాలిట. ఈలోగా టాక్సీ మాట్లాడతామన్నా ససేమిరా అంది.

చివరికి నాన్న పెట్టిన ముహూర్తానికి, హేండిలు తిప్పీ తిప్పీ నా భుజాలు ఊడిపోయే వేళకి, ఇంజను గట్టిగా దగ్గి, ఇంత పొగ కక్కి, అందుకుంది. బాబాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నాన్నమ్మని ఎక్కించుకుని తులసికోట చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయించి, ఇంక వీధిలోకే అంటూ హారన్ కొట్టుకుంటూ గేటు దాటించి, సరిగ్గా కొబ్బరి దుంగల ముందు బ్రేకు వేశాడు. అందరం దుంగల వైపు చూశాం. తరవాత కారు వైపు చూశాం. "ఏవండీ, ఇప్పుడిది ఎటునుంచి వెళ్తుందండీ?" అంది పిన్ని, చాలా నెమ్మదిగా. ఒక పక్క తోటలు, ఒక పక్క చేలు, వెనక మురుగు కాలువ. రెండేళ్ళుగా ఊరంతా వచ్చి చూసేరు, సలహాలు చెప్పేరు, కాఫీలు తాగి వెళ్ళేరు. ఒక్కడంటే ఒక్కడికి ఆ ప్రశ్న రాలేదు. (రాదు మరి. అందరూ ఆ దుంగల మీంచి నడిచొచ్చినవాళ్ళేనాయె.)

మిగిలిన దారి ఒక్కటే. ఎండాకాలం మరమ్మతులకని కాలువ కట్టేస్తారు. అప్పుడు ఎండిన కాలువలోకి దింపి అవతలి గట్టెక్కించడం. అందాకా నాన్నమ్మ పొద్దున్నే కారులో తులసి ప్రదక్షిణలతో సరిపెట్టుకుంది. కాలువ కట్టేశారు. అడుగు ఎండి గట్టిపడింది కూడా. అయితే నాన్న పంచాంగం ముయ్యడే! ఒకరోజు వర్జ్యం, ఒకరోజు నక్షత్రం బాగులేదు, ఇంకో రోజు ప్రయాణానికి దిక్కు పనికిరాదు. అన్నీ కుదిరిన రోజు వచ్చేసరికి, లాకుల దగ్గర పనిచేసే లస్కరు సైకిలు దిగి, "రేపు పొద్దున్నే నీళ్ళొదిలేత్తారండి" అని చెప్పి పోయాడు. దానికి తోడు, కిందటి రాత్రే వాన పడింది.

నాన్నమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి, కొబ్బరి మట్టలు పరిచి దింపాం. సగం దూరం రాజాలా వెళ్ళి, నడిమధ్యలో ఇరుసు దాకా దిగబడింది. నేను తోస్తే బురదంతా నా మీదే. "అమ్మా, నువ్వు కాస్త దిగితే బరువు తగ్గుతుంది" అన్నాడు బాబాయి. "దిగను. దిగితే మొక్కు పోతుంది."

"రేపు నీళ్ళొస్తాయే!"

"వస్తే రానీ. నేనిక్కడే ఉంటాను."

బాబాయి బతిమాలాడు, కోప్పడ్డాడు, సంస్కృతంలో ఏదో శ్లోకం కూడా చదివాడు. ఆవిడ కదల్లేదు. మొహం పాలిపోయి ఆయన బురదలోనే చతికిలబడ్డాడు. రెండేళ్ళ కష్టం, కన్నతల్లి మొక్కు రెండూ ఆ కాలువలోనే ఉన్నాయి మరి. ఇంతలో గట్టు మీద ఖాళీగా కూర్చున్న పడవవాళ్ళు మోకులు పట్టుకుని దిగేరు. వాళ్ళ పెద్ద కారు చుట్టూ ఓసారి తిరిగి, "ఆయ్, లాగేత్తామండి. బామ్మగార్ని ఉండనివ్వండి. సరుకుండగా పడవ లాగమా ఏటండి?" అన్నాడు.

"సరుకునట్రా నేను?" అంది నాన్నమ్మ లోపల్నించి.

"పెద్ద సరుకండి" అన్నాడతను వినయంగా. హైలెస్సా అంటూ ఒక్క ఊపున లాగి, సరుకుతో సహా రోడ్డెక్కించేరు.

ముక్తేశ్వరం రేవులో, కార్లనీ బళ్ళనీ దాటించే పంటెక్కి గోదావరి దాటాం. దేవుడి దయవల్ల కారెక్కడా ఆగలేదు. భీమేశ్వరుడి గుమ్మం ముందు బాబాయి తలుపు తీసి పట్టుకుంటే, నాన్నమ్మ మహారాణిలా దిగి, మా ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి లోపలికి నడిచింది. లింగం ముందు చాలాసేపు ఏదో గొణుక్కుంది. ఆ పూట సత్రంలో ఉండి మర్నాడు తిరిగి వచ్చేసరికి, మా కాలువ నిండా ఎర్రటి నీళ్ళు. వెళ్ళడానికి కుదిరిందే తప్ప, తిరిగి రావడం అనేదొకటి ఉంటుందని మాకెవరికీ తట్టనేలేదు. "గట్టు మీద ఉంచకూడదండి, గవర్నమెంటు గట్టు" అన్నాడు లస్కరు. అంటే మళ్ళీ విప్పాలి. ముక్కలు చేసి పడవెక్కించాలి.

బాబాయి స్టీరింగు మీద తల వాల్చేశాడు. నాన్నమ్మ మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆయనకి అనుమానం వచ్చింది. "అమ్మా, నిజం చెప్పు. అక్కడేం కోరుకున్నావు?"

"ఇది మళ్ళీ విప్పాల్సి రావాలని కోరుకున్నాన్రా" అంది ఆవిడ, ఏ మొహమాటమూ లేకుండా. "అది బాగైపోతే నువ్వింక రోడ్లమ్మట పోతావు. ఈ రెండేళ్ళూ స్కూలు వదలగానే తిన్నగా నా కళ్ళ ముందుకొచ్చేవాడివి. రోజూ నాతో దెబ్బలాడేవాడివి. అంతకు ముందు నువ్వు నాతో అన్ని మాటలు ఎప్పుడు మాట్లాడావు కనక?"

బాబాయి కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగి, "పెద్ద స్పానరు ఎక్కడ పెట్టావురా?" అన్నాడు.

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు నాకూ కారుంది. ఏసీ ఉంది, దానికదే తలుపులు వేసుకుంటుంది, కుర్రాళ్ళొచ్చి సర్వీసుకి తీసుకెళ్ళి కడిగి తెస్తారు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎక్కడా ఆగలేదు. పిల్లలు ఎక్కుతారు, చెవుల్లో ఏవో పెట్టుకుంటారు, దిగిపోతారు. మొన్న ఆదివారం పొద్దున్న ఎందుకో బానెట్ ఎత్తి, అర్థంకాని ఆ ప్లాస్టిక్ మూతల కేసి చూస్తూ నిలబడ్డాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి కంగారుపడి, "ఏవైందండీ, చెడిపోయిందా?" అంది.

"ఇంకా చెడిపోలేదే" అన్నాను.