అమ్మ కార్డు మీది ఉయ్యాల

అమ్మ చాలా ఏళ్ళు మిషన్ ఆసుపత్రిలో కాన్పులు చేసే నర్సుగా పనిచేసింది. పంతొమ్మిది వందల నలభైల్లో ఆ ఉద్యోగం మానేసి, అమీర్‌పేటలోని మా ఇంటి నుంచే సొంతంగా కాన్పులు చేయడం మొదలుపెట్టింది. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. మిషన్ బడిలో చిన్న పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పేదాన్ని.

మొదటి నెలలోనే పంజాగుట్ట నుంచి ఒకాయన, భార్యకు నొప్పులొస్తున్నాయని అమ్మను వెతుక్కుంటూ వచ్చాడు. ఇల్లు తెలియక చర్చి వెనక సందులన్నీ తిరిగాడట. అమ్మ వెళ్ళేసరికి బిడ్డ పుట్టేసింది. తల్లీబిడ్డలు క్షేమమే. అయినా వేళకు అందలేకపోయానన్న బాధ అమ్మను వదల్లేదు. పొద్దు వాలాక నన్ను పిలిచి, "డాక్టర్లకు కార్డులుంటయి గద. నాకు సుత ఒకటి చెయ్యి బిడ్డా," అంది.

మూడు రోజులు కూర్చుని గీశాను. చుట్టూ గులాబీల తీగ, మధ్యలో మెలికలు తిరిగిన ఇంగ్లీషు అక్షరాలు, అమ్మ చదువు, అనుభవం, ఏదీ వదల్లేదు. చాలా బాగా కుదిరిందనుకున్నాను. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. నన్ను టాంగాలు ఆగే చోటికి తీసుకెళ్ళి, దాన్ని అక్కడి ముసలి టాంగావాలా చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ఎవరి షాదీ కాగితం అమ్మా?"

నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగి వస్తుంటే దారిలో అమ్మ నెమ్మదిగా చెప్పింది. "పెండ్లాం నొప్పులు పడుతుంటే మొగోడు గాబరాల ఉంటడు. గప్పుడు గులాబీలు ఎవరు సూస్తరు? ఏం పని చేస్తం, యాడ ఉంటం, గంతే గావాలె. సదువు రానోళ్ళకు సుత సమజ్ గావాలె."

మళ్ళీ మొదటి నుంచి గీశాను. పైన ఒక ఉయ్యాల బొమ్మ. దాని కింద పెద్ద తెలుగు అక్షరాల్లో 'కాన్పుల నర్సు' అనీ, అమ్మ పేరూ. ఆ కింద, టాంగావాళ్ళు చదివేది ఉర్దూ కాబట్టి, 'అమీర్‌పేట, చర్చి వెనక, నీలం తలుపు' అని ఉర్దూలో ఒకే వరుస. ఇంగ్లీషంతా కార్డు వెనక్కి పోయింది.

కోఠీలో, చేత్తో రాసినదాన్ని రాతి మీదికి ఎక్కించి అచ్చువేసే ప్రెస్సుకు వెళ్ళాం. అక్కడ ఉర్దూ రాసే పెద్దాయనకు తెలుగు రాయడం రాదు. అందుకని ఆయన సిరాతోనే తెలుగు అక్షరాలూ, ఉయ్యాలా నేనే రాసిచ్చాను. ఆయన అంచుల వైపు చూపించాడు.

"గింత జాగ ఖాళీగ ఇడిచినవేంది బేటీ? జర పూలతీగ గియ్యి."

"వద్దు సాబ్. జాగ ఉంటెనే అక్షరం కండ్లవడ్తది."

ఆయన తన ఉర్దూ వరుసను తుడిచేసి, ఇంకా లావుగా మళ్ళీ రాశాడు. అంత అనుభవమున్న మనిషి నా మాట విని చేతిరాత మార్చుకోవడం నాకు మెడల్ ఇచ్చినట్టే అనిపించింది.

కార్డులు కిరాణా కొట్లలో, చాకలి ఇళ్ళల్లో, టాంగాల దగ్గర ఇచ్చాం. మా నీలం తలుపు మీద కూడా అదే ఉయ్యాలను తెల్ల రంగుతో వేశాను.

ఒక పొద్దున బంజారా హిల్స్‌లో బండలు కొట్టే అతను మా తలుపు ముందు టాంగా దిగాడు. చెమటకు కార్డు అతని పిడికిట్లో మెత్తబడిపోయింది. అమ్మ వెంటనే బయల్దేరింది. సంచీ పట్టుకుని నేనూ వెళ్ళాను. వాళ్ళ గుడిసె చేరేసరికి బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది. నీళ్ళు కాచి ఇవ్వడం తప్ప నేను చేసిందేమీ లేదు. చాలాసేపటికి గుడిసెలోంచి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. ఇద్దరూ బతికారు.

బిడ్డ నానమ్మ అమ్మ చేతులు పట్టుకుంది. "మాకు సదువు రాదు తల్లీ. తొట్టెల బొమ్మ జూసే మావోడు కాగితం దాసిపెట్టిండు."

"బొమ్మ గీసింది నా బిడ్డనే," అంది అమ్మ, నన్ను ముందుకు జరిపి.

అమ్మ నా ముందు నన్ను ఎన్నడూ మెచ్చుకుని ఎరగదు. ఇంటికి వచ్చేటప్పుడు, మొదటి కార్డు చూసిన ఆ ముసలి టాంగావాలాకు కూడా ఆ మాట చెప్పింది. ఆయనకు అది ముందే తెలుసు. అయినా అమ్మ చెబుతూనే ఉంది, నేను ఆపలేదు.