మూతి గట్టుకున్న డాక్టరు

సిరిసిల్లలో డాక్టర్ రాంచందర్ గారిది చిన్న క్లినిక్కు, పెద్ద గొంతు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డాక ఆయన రెండు మాస్కులు, వాటిమీద ఒక ప్లాస్టిక్ తెర ధరించి, బాసికం కట్టుకున్న పెండ్లికొడుకంత గంభీరంగా కూర్చునేవారు. లోపల మాత్రం భయం. ఇంట్లో షుగరున్న తల్లి. ఆమెకు ఎక్కడ అంటిస్తానోనని వరండాలోనే పడక.

ఆ పొద్దున బాలమల్లు వచ్చాడు. ఏళ్ల తరబడి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. వేలికి మిషన్ పెడితే ఆక్సిజన్ ఎనభై ఆరు.

"మల్లన్నా, ఇప్పుడే కరీంనగర్ పెద్దాసుపత్రికి పోవాలె. గోలీలతోటి తగ్గది. సమజైందా?"

బాలమల్లు బుద్ధిగా తలూపి, లేచాడు. "దండం సారూ. గోలీలియ్యుండ్రి, ఇంటికాడ పండుకుంట."

డాక్టరు గొంతు పెంచారు. ఎదురింటి కిటికీ కొద్దిగా తెరుచుకుంది. ఇంకాస్త అరిస్తే బాలమల్లుకు కరోనా అని వాడంతా తెలిసిపోతుంది. ఇక అతనింటికి పాలవాడు కూడా రాడు. రాసిద్దామంటే, ఆయన రాతను మెడికల్ షాపువారు తప్ప మానవమాత్రులు చదివిన దాఖలాలు లేవు.

మెట్ల దగ్గరున్న బాలమల్లు భార్య శంకరవ్వ నెత్తి కొట్టుకుంది. "సాంచెల సప్పుడుకు చెవులు ఎప్పుడో పోయినయి సారూ. మూతి జూసి మాట పట్టుకుంటడు. మీరేమో మూతి గట్టుకుంటిరి."

"అయితే నువ్వు చెప్పవ్వా!"

"చెవులు మంచిగున్నప్పుడే నా మాట ఇనలే. గిప్పుడింటడా?"

మాస్కు తీయక తప్పదు. తీస్తే తల్లిని వరండా పడక కూడా కాపాడలేదు. డాక్టరు మందులిచ్చే గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, గాజు కిటికీ వెనక నిలబడి, కిరీటం దించుతున్న రాజులా మాస్కులు దించారు. చప్పుడు లేకుండా పెదవులతోనే ఒక్కో మాటా పలికారు: ఇంటికాడుంటే దక్కవు. కరీంనగర్ పో.

బాలమల్లు ముఖం పాలిపోయింది. తన మాస్కు దించి, సాంచాల దగ్గరి అలవాటుకొద్దీ, గొంతు లేకుండానే ఏదో అన్నాడు. పెదవులు చదవడం వైద్యవిద్యలో లేదు. అది "పోత" లాగానూ ఉంది, "పోను" లాగానూ ఉంది. ఏం తోచక ఈసారి డాక్టరే తలూపారు.

అంబులెన్సులు దొరకని రోజులు. దొరికిన ఆటోలోనే ఇద్దరూ ఎక్కారు. మూల మీద ఎడమకు తిరిగితే ఇల్లు, కుడికి తిరిగితే కరీంనగర్ రోడ్డు. డాక్టరు గేటుదాకా ఉరికారు. ఆటో మూల మీద ఆగింది. ఆయన ఊపిరి కూడా ఆగింది. బాలమల్లు చెయ్యి బయటికొచ్చి కుడివైపు చూపించింది.

అమ్మయ్య అనుకుని గట్టిగా ఊపిరి వదిలారు. ఎదురింటి కిటికీ దభీమని మూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, మూతికి మాస్కు లేదని.