ఒక్క వాన చూసి కడదాం

మా మేడం చనిపోయారని ఫోను వచ్చినప్పుడు నేను ఆత్మకూరు బస్టాండులో ఉన్నాను. వింజమూరులోని వాళ్ళింటికి వెళ్దామని బస్సెక్కి కూర్చున్నాక కూడా నమ్మకం కుదరలేదు.

ఇంజనీరింగులో ఆమె నాకు పాఠం చెప్పారు. తర్వాత ఉదయగిరి దారిలోని ఒక యూనివర్సిటీ తన క్యాంపస్‌ను పెంచే పని ఆమెకు అప్పగిస్తే, నన్ను సాయానికి పిలిపించుకున్నారు. కొంగు నడుముకు దోపి, మాకన్నా ముందు నడిచేవారు. మాట్లాడుతూ చేతులతో గాలిలో గోడలు కట్టేవారు. మంచి ఆలోచన తడితే ఆ హుషారులో పక్కవాళ్ళ టీ కూడా తాగేసేవారు.

మేం వెళ్ళేసరికే ఆడపిల్లల హాస్టల్‌కు చోటు ఖాయమైంది. చదునైన నేల, సున్నంతో గుర్తులు కూడా వేశారు. మేడం అక్కడి ఇసుక మేటలు చూశారు.

"ఇది వంక సార్. ఎండిపోయి ఉండాది గానీ నీళ్ళొస్తే ఇటే వస్తాయి. ఒక్క వాన చూసి కడదాం," అన్నారు డైరెక్టరుతో.

"వచ్చే ఏడాదికి పిల్లలు చేరతారు మేడం. వాన రాకపోతే ఏం చేసేది?"

"నన్ను తీసేసి కట్టుకోండి."

నెలలు గడిచినా చినుకు లేదు. వేరే ఇంజనీరును వెతుకుతున్నారని తెలిసి నాకు నిద్ర పట్టలేదు. ఆమె మాత్రం రోజూ పడమర వైపు చూసి, "వస్తాదిలే" అనేవారు.

ఒక మధ్యాహ్నం మేడం ఫోను. "యాడుండావు? సీతారామపురం పక్క మబ్బు పట్టింది. బయల్దేరు."

నేను చేరేసరికి వంక పక్కన గొడుగు కింద నిలబడి ఉన్నారు, పూర్తిగా తడిసి. ముందు సన్నగా చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఎర్రటి నీళ్ళు సున్నపు గీతలన్నీ తుడిచేసుకుంటూ మా ముందు నుంచి పారాయి. మేడం నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఊపారు. డైరెక్టరు కారు దిగి మా దగ్గరికి వచ్చారు.

"హాస్టల్ ఎక్కడ కడదాం మేడం?"

"ఆ మిట్ట మీద. గాలి బాగా తగులుతాది. ఈ నీళ్ళను ఈడనే ఇంకిద్దాం."

అలాగే కట్టాం. వంకలో అక్కడక్కడా చిన్న కట్టలు వేశాం. స్నానాల నీళ్ళు శుభ్రమై చెట్లకు చేరేలా పైపులు వేశాం. ఆ వేసవిలో నీళ్ళ ట్యాంకరు అవసరం రాలేదు. మేడం ఊరికే ఫోను చేసి, "బోరు పోస్తా ఉండాదా?" అని అడిగేవారు. పోస్తోందంటే అవతల నవ్వు వినిపించేది.

తర్వాత మేడం జబ్బుపడ్డారు. అది ముదిరాక ఒకసారి హాస్టల్ చూస్తానన్నారు. చక్రాల కుర్చీలో లిఫ్టు ఎక్కించి మేడ మీదికి తీసుకెళ్ళాం. సోలార్ పలకల మధ్య ఆడపిల్లలు ఆమె చుట్టూ చేరారు. మేడం వాళ్ళను దాటి, ఉత్తరం వైపు ఖాళీగా పడివున్న నేలను చూశారు.

"ఆడ ఇంకా ఏమీ కట్టలేదు గదా," అన్నారు, కళ్ళు మెరుస్తుండగా.

లేదన్నాను. బక్కచిక్కిన రెండు చేతులూ పైకెత్తి, ఆ ఖాళీ నేల మీద గాలిలో ఏదో కట్టడం మొదలుపెట్టారు. పిల్లలు ఆ వేళ్ళ వెంటే చూస్తూ నిలబడ్డారు.