ఆడపిల్లలు మెల్లగా నడిచే గల్లీ

బిచ్కుంద నుంచి వర్ని దాకా ఏ ఊళ్ళోకి పోయినా స్పందనను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. "నీళ్ళ మేడం వచ్చింది" అంటారు. బోర్ల దగ్గరా ట్యాంకుల దగ్గరా సీసాల్లో నీళ్ళు పట్టి, బాన్సువాడలోని చిన్న ల్యాబుకు తెచ్చి పరీక్ష చేయడం ఆమె ఉద్యోగం. అమ్మానాన్నలు ఇతరుల పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి చదివించారు. నిజామాబాదులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తయినప్పుడు, ఆదివారం ప్రార్థన ముగిశాక పాస్టరు ఆమెను లేపి నిలబెడితే చర్చి మొత్తం చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఇప్పటికీ ఆమె నడకలో వినిపిస్తాయని భర్త వెస్లీ ఆటపట్టిస్తుంటాడు.

అలాంటి మనిషికి హైదరాబాదులో ఒక పెద్ద ల్యాబులో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. పుస్తకాల్లో బొమ్మలుగా మాత్రమే చూసిన యంత్రాల మీద పని. ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆమే, ఆ మర్నాటి నుంచి అందరికంటే ఎక్కువ దిగులు పడింది కూడా ఆమే.

దిగులంతా కూతురు కెజియా గురించి. వెస్లీ వర్ని దగ్గర కరెంటు లైన్‌మన్. బదిలీ ఎప్పుడొస్తుందో ఆఫీసుకే తెలియదు. అప్పటిదాకా పట్నంలో ఉండాల్సింది స్పందన, ఒకటో తరగతిలో చేరబోయే కెజియా, ఇద్దరే. ఇన్నాళ్ళూ కోడలికి సద్ది కట్టి ఊళ్ళ మీదికి పంపి, మనుమరాలిని చంకనేసుకొని పెంచింది అత్త లస్మవ్వ. ఆమె తన మాట తాను చెప్పేసింది.

"నువ్వు పో బిడ్డా. గంత సదువు సదివి ఈడ కూసునుడేంది? గని మంచి జాగ దొరికితెనే పిల్లను పంపుత. లేకుంటె నా తానే ఉంటది."

ఆ మాటలో కోపం లేదు. పైగా స్పందన భయమూ అదే. పిల్లను వదిలి పోతే ఉద్యోగం చేయగలదా అన్నది ఒక భయం, తీసుకుపోతే కాపాడుకోగలదా అన్నది రెండోది.

సైన్సు చదివిన మనిషి కనుక భయం వేసినప్పుడల్లా ఆమె కొలతలు తీస్తుంది. ఫోన్లో మ్యాపు తెరిచి, ల్యాబు ఉన్న నాచారం చుట్టూ గల్లీలన్నీ గాలించింది. దవాఖాన ఎంత దూరం, నాలా ఎంత దగ్గర, వానలకు ఏ రోడ్డు మునుగుతుంది అని ఆరా తీసింది. లైన్‌మన్ పెళ్ళాం కనుక ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ కంచె ఉందా లేదా అన్నది కూడా చూసింది. ఏ పేట పేరుతో చెడ్డ వార్త కనిపిస్తే ఆ పేటను తీసేసింది. అలా తీసేస్తూ పోతే కొన్నాళ్ళకు పట్నంలో జాగా మిగలలేదు.

"నువ్వు గిట్లనే తీసేస్కుంట పోతె, ఆఖర్కి నిజాంసాగర్ కట్ట మీద గుడిసె ఏసుకోవాలె" అన్నాడు వెస్లీ.

"ఆడ నీళ్ళున్నయి. పిల్ల పడ్తది" అంది స్పందన, నవ్వకుండానే.

చివరికి రెండు నిలిచాయి. ఒకటి గేటు, కెమెరాలు, వాచ్‌మన్ ఉన్న అపార్ట్‌మెంటులో చిన్న ఫ్లాటు. రెండోది దాని వెనక గల్లీలో అంబిక అనే ఆవిడ ఇంటి పైన రెండు గదులు. స్పందన మనసు గేటు మీదే ఉంది.

వాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పిల్లనిచ్చే ముందు పెద్దమనుషులు చెప్పాపెట్టకుండా ఆ ఊరికి పోతారు. పిలగాని ఇంటికి మాత్రం పోరు. చాయ్ హోటల్లో కూర్చొని, ఇరుగుపొరుగును మాటల్లోకి దింపి, ఎవరింటి ముందో ఆగి మంచినీళ్ళు అడుగుతారు. నీళ్ళు ఇచ్చే తీరు చూసి ఊరి తీరు చెప్తారు. దాన్నే ఊరు చూసొచ్చుడు అంటారు. లస్మవ్వకు మరిది వరసైన భీంరావు ఈ పనిలో ఆరితేరిన మనిషి. తెల్లధోవతి కట్టి, కండువా భుజాన వేసి బయలుదేరాడంటే ఎవరింటి పెండ్లో కుదిరినట్టో, తప్పినట్టో. ఆయన ఎన్నడూ ఆడవాళ్ళను వెంట తీసుకుపోలేదు. ఈసారి లస్మవ్వ వినలేదు.

"మనుమరాల్ని ఇస్తున్నం భీంరావు. ఊరు చూడకుంట ఎట్లిస్తం? నేను గుడ వస్త."

అలా ఒక తెల్లవారుజామున భీంరావు, పట్టుచీరలో లస్మవ్వ, స్పందన, కిటికీ సీటు కోసం ముందే ఎక్కి కూర్చున్న కెజియా, నలుగురూ బాన్సువాడ బస్టాండులో హైదరాబాదు బస్సు ఎక్కారు.

అపార్ట్‌మెంటు దగ్గర వాచ్‌మన్ ఏ ఫ్లాటుకని అడిగాడు, పుస్తకంలో రాసుకున్నాడు, పైకి తీసుకుపోయి చూపించాడు. గచ్చు అద్దంలా ఉంది. స్పందనకు ప్రాణం లేచి వచ్చింది. భీంరావు మాత్రం పక్క ఫ్లాటు గంట కొట్టి మంచినీళ్ళు అడిగాడు. గొలుసు తీయకుండానే తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఒక ఆడమనిషి సీలు తీయని నీళ్ళ సీసా సందులోంచి అందించి, మర్యాదగానే తలుపు వేసుకుంది.

భీంరావు సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీళ్ళయితె ఇచ్చింది వదినె. మొకం ఇయ్యలె."

కొత్తవాళ్ళకు తలుపు తీయకపోవడమే మంచిది కదా అనుకుంది స్పందన.

వెనక గల్లీలోకి తిరిగాక భీంరావు తన పద్ధతి మొదలుపెట్టాడు. చాయ్ హోటల్లో కూర్చొని, మూల మీది అంబిక ఇంటివాళ్ళు ఎలాంటివాళ్ళని, ఇంట్లో మగవాళ్ళకు తాగుడు ఏమైనా ఉందా అని, మెల్లగా కూపీ లాగాడు. హోటలాయన తెల్లధోవతినీ, పట్టుచీరనూ మార్చి మార్చి చూశాడు. అంబికకు నవనీత్ అని పెండ్లి కావాల్సిన కొడుకున్నాడు. వానికి సంబంధం ఎప్పుడొస్తుందా అని గల్లీ మొత్తం ఎదురుచూస్తోంది. ఆ సంగతి భీంరావుకు ఎవరు చెప్పాలి?

చాయ్ తాగడం పూర్తికాక ముందే కబురు చివరి ఇంటిదాకా పోయింది. ఇక ఏ ఇంటి ముందు ఆగినా పొగడ్తలే. నీళ్ళడిగితే మజ్జిగ ఇచ్చారు. ఇంకో ఇంట్లో లడ్డూ పెట్టారు. అంబిక ఇంటి గడప తొక్కిన పిల్ల అదృష్టవంతురాలని ఒకావిడ లస్మవ్వ చేతులు పట్టుకొని చెప్పింది. భీంరావు ఉబ్బిపోయి, ఇంత మంచి గల్లీ తన జన్మలో చూడలేదన్నాడు. అంతలో అంబికే ఎదురొచ్చి, లోపలికి పిలిచి, ఉప్మా పెట్టింది. తడి తల దువ్వుకొని నవనీత్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంతకు అమ్మాయి ఎంతవరకు చదివింది?" అని అడిగింది అంబిక.

భీంరావు ఒళ్ళో ఉన్న కెజియా తల నిమిరాడు. "గీ జూన్‌ల ఒకటో తరగతిల ఏస్తం."

ఉప్మా చెంచాలు ఆగిపోయాయి. విషయం తేలడానికి కాసేపు పట్టింది. ముందుగా నవ్వింది నవనీతే. అంబికకు మాత్రం వెంటనే నవ్వు రాలేదు. "కిరాయికొచ్చిన్రా మీరు? వాకిలి గుడ మళ్ళ ఊడిపించిన నేను" అంది. తర్వాత ఆమే నవ్వి, లస్మవ్వకు ఇంకో గరిటె ఉప్మా వడ్డించి, పైన గదులు చూపించింది. గదులు బాగున్నాయి. గాలి, వెలుతురు ఉన్నాయి. కానీ కిందికి దిగి గల్లీలోకి వచ్చాక ఎవరి ముఖమూ వెలగలేదు.

తన పద్ధతి ఇలా ఎదురు తిరగడం భీంరావుకు కొత్త. కండువాతో ముఖం తుడుచుకుంటూ నిలబడిపోయాడు. లస్మవ్వ పిల్ల చేయి పట్టుకుంది.

"ఏది నిజమో, ఏది పెండ్లి మాటనో ఎవలకెరుక? నువ్వు ఉద్యోగంల చేరు బిడ్డా. పిల్ల ఇప్పట్కి నా తానే ఉండని."

స్పందనకు పట్నంలో తన మంచం పక్కన ఖాళీ చోటు కళ్ళ ముందు కనిపించింది. అయితే ఏడుపుకు ముందే ఉద్యోగపు మాట బయటికి వచ్చింది.

"అత్తమ్మా, ఊళ్ళల్ల గుడ గిట్లనే ఐతది. నీళ్ళ మేడం వస్తున్నదని ముందుగాల తెలిస్తె ట్యాంకిల బ్లీచింగ్ పోస్తరు. ఆ నీళ్ళు పారబోసి, తెల్వకుంట పోయి మళ్ళ పడ్త నేను. సీసా చెడిందని ఊరు చెడ్డదంటమా, మంచిదంటమా? పొద్దు గూకేదాంక ఉందం."

"ఉండి ఎవల్ని అడుగుదం?" అన్నాడు భీంరావు.

"ఎవల్నీ ఏం అడగద్దు మామా. నేను డ్యూటి దిగి వచ్చే యాళ్ళకు నా అసొంటి ఆడోళ్ళు ఈ తొవ్వల ఎట్ల నడుస్తరో చూద్దం."

ముందు అపార్ట్‌మెంటు రోడ్డు మొదట్లో నిలబడ్డారు. దీపాలు వెలిగాయి. ఆఫీసుల నుంచి ఆడవాళ్ళు ఆటోలు దిగుతున్నారు. దిగీ దిగగానే బ్యాగు ముందుకు లాక్కొని, ఫోను చేతిలో పట్టుకొని, గబగబా నడుస్తున్నారు. ఆ రోడ్డుకు ఒక పక్కంతా కాంపౌండు గోడే, ఇంకో పక్క ఖాళీ ప్లాట్లు. గేటు దాటాకే వాళ్ళ నడక నెమ్మదిస్తోంది. తాను ఇష్టపడ్డ గేటు లోపలి భాగానికే కాపలా అని, పిల్లను స్కూలు నుంచి తెచ్చుకునే తోవకు కాదని స్పందనకు అర్థమైంది. దీపాలను, కెమెరాలను మ్యాపులో వెతికింది గానీ, నడకను వెతకాలని ఇప్పటిదాకా తోచలేదు.

తర్వాత వెనక గల్లీకి వచ్చి, మూసి ఉన్న ఇస్త్రీ డబ్బా పక్కన అరుగు మీద కూర్చున్నారు. అక్కడి దీపాలు అంత గొప్పవి కావు. ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. కానీ ట్యూషన్ నుంచి వస్తున్న ఆడపిల్లలు మిర్చిబజ్జీల పొట్లం పట్టుకొని, తిని, నవ్వి, మళ్ళీ తిని, పది అంగలకు ఒకసారి ఆగుతున్నారు. ఒకామె డ్యూటీ నుంచి వచ్చి, ఇంటి తాళం చేతిలో పెట్టుకొనే ఎదురింటావిడతో ముచ్చట్లో పడింది. తెగిన చెప్పును చూసుకుంటూ ఒక పిల్ల గల్లీ మధ్యలోనే కూర్చుంది, బండ్లవాళ్ళే పక్కకు తప్పుకొని పోయారు.

"చూస్తుండ్రా అత్తమ్మా?" అంది స్పందన మెల్లగా. "ఎవలకీ తొందర లేదు."

లస్మవ్వ తలూపి పక్కకు చూసింది. పక్కన కెజియా లేదు.

స్పందన లేచిన తీరుకు భీంరావు కండువా కింద పడింది. పిల్ల ఒక కుక్కపిల్ల వెంట గల్లీ చివర మలుపు దాకా పోయింది. తల్లి అక్కడికి చేరేలోపే, అప్పుడే బస్సు దిగి వస్తున్న ఒక నర్సు పిల్ల చేయి పట్టుకొని ఆపింది. పక్క ఇంటి కిటికీలోంచి ఇంకొకావిడ "ఎవల పిల్ల ఇది?" అని గల్లీకంతా వినబడేలా అడుగుతోంది. హోటలాయన చాయ్ గిన్నె దించి రోడ్డు మీదికి వచ్చేశాడు. స్పందన రొప్పుతూ వచ్చి పిల్లను పొదువుకుంది. నర్సుకు ఆమె ఎవరో తెలియదు, పొద్దుటి పెండ్లి సంగతీ తెలియదు.

"చదువుకున్నదాని లెక్కనే ఉన్నవ్. పిల్లను గిట్ల ఇడిసిపెట్టి ముచ్చట్లు పెడ్తరా?" అని మందలించింది. కిటికీ ఆవిడ అంతకంటే గట్టిగా రెండు మాటలు వేసింది.

ఆ తిట్లు వింటుంటే స్పందనకు కళ్ళ నిండా నీళ్ళతో పాటు నవ్వూ వచ్చింది. పొద్దున మజ్జిగ ఇచ్చిన చేతులకంటే ఈ కసురుకున్న నోళ్ళే ఆమెకు నచ్చాయి. వెనక్కి తిరిగితే లస్మవ్వ నడుము మీద చేయి పెట్టుకొని, ఆయాసపడుతూ, కోడలినే చూస్తోంది.

"ఇగ చాలు బిడ్డా" అంది. "ఎవల పిల్లనో తెల్వకుంటనే గింత తిట్టిన్రు. మనోళ్ళని తెలిస్తె సరిగ్గనే చూసుకుంటరు."

తిరుగు బస్సులో కామారెడ్డి దాటాక భీంరావు, పక్క సీటులో కూర్చున్న ముక్కూముఖం తెలియని మనిషికి మొత్తం కథ చెప్పాడు. ఒకటో తరగతి మాటకు తానే ముందు నవ్వాడు. చివర్లో గొంతు సవరించుకొని, "గా ముందు సీట్ల కూసున్నది, గామె మా కోడలు" అన్నాడు. స్పందనకు వినబడింది. నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంది గానీ, చర్చిలో చప్పట్లు విన్న రోజులాగే వీపు నిటారుగా అయింది.

జూన్‌లో లస్మవ్వే కెజియా బట్టలు సర్దింది. కొత్త స్కూలు బ్యాగును ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తన ఒళ్ళో పెట్టుకొని పట్నం దాకా వచ్చి, అంబిక ఇంటి పై గదుల్లో బియ్యం డబ్బా నింపి, పొయ్యి వెలిగించి, వాళ్ళిద్దరి కోసం ప్రార్థన చేసి వెళ్ళింది. వెళ్ళేముందు కిటికీ ఆవిడ దగ్గరికి పోయి, "తిట్టుడు మానద్దు" అని ప్రత్యేకంగా చెప్పింది.

ఇప్పుడు బాన్సువాడ నుంచి ఏ ఆడపిల్ల పట్నంలో హాస్టల్లో చేరాలన్నా, ఏ కొత్త జంట గది వెతుక్కోవాలన్నా, ముందు ఫోను స్పందనకే వస్తుంది. మ్యాపు చూడమనీ, నాలా చూడమనీ ఆమె ఇంకా చెప్తుంది. భయం ఎక్కడికీ పోలేదు. కెజియా స్కూలు బస్సు కొంచెం ఆలస్యమైతే ఈరోజుకీ ఆమె గల్లీ మొదటికి పోయి నిలబడుతుంది. కానీ చివర్లో ఒక మాట తప్పకుండా చేరుస్తుంది: పొద్దు గూకేదాకా ఉండి, నడకలు చూసి రండి అని.

మొన్న రుద్రూరు దగ్గర ఒక ఊరి నుంచి భీంరావు ఫోను చేశాడు. ఎవరి పిల్లకో సంబంధం చూడడానికి పోయాడట. ఈసారి పిల్ల తల్లినీ, అక్కనూ వెంట తీసుకుపోయాడట. చాయ్ తాగాము, నీళ్ళడిగాము, అయినా లేవకుండా ఇంకా కూర్చునే ఉన్నామన్నాడు.

"ఆడివిల్లలు ఎట్ల నడుస్తుండ్రు మామా?" అని అడిగింది స్పందన.

అవతల ఎవరో నవ్వుకుంటూ పోతున్న చప్పుడు. చూస్తున్నట్టున్నాడు.

"మెల్లగనే నడుస్తుండ్రు బిడ్డా" అన్నాడు భీంరావు. "ఒకామె ఐతె నన్ను చూసి, ఎవలయ్యా నువ్వు, గింతసేపట్నుంచి ఈడ కూసున్నవని తిట్టింది గుడ."