డైనింగ్ టేబుల్ మీద కొండవీడు

ఆ రోజుల్లో వేసవి సెలవులంటే, మనిషి ఏదో ఒక వెధవ పని చేసేదాకా వదలని కాలం. నా ఇంటర్ పరీక్షలయిన ఏడు ఆ వెధవ పని మా మేనత్త కొడుకు రూపంలో అద్దంకిలో బస్సు దిగింది. గుంటూరులో డిగ్రీ చదువుతున్న మా బావ, ఫారిన్‌లో మీసాలు నెరిసినవాళ్లు కూడా బల్ల మీద బొమ్మ సైనికులతో పాత యుద్ధాలు మళ్లీ చేస్తారని ఇంటర్నెట్ సెంటర్లో కనిపెట్టాడు. "కొండవీటి ముట్టడి ఆడదాంరా. నేను కృష్ణదేవరాయలు, కోటలో ఉండే గజపతులు నువ్వు," అన్నాడు. "నేనెందుకు గజపతులు?" అంటే, "ఓడిపోయింది వాళ్లే కాబట్టి," అన్నాడు. ఓడినవాడు గెలిచినవాణ్ణి నడిబజార్లో 'మహాప్రభూ' అని పిలవాలని పందెం. గోళీల నుంచి క్యారమ్స్ దాకా బావ చేతిలో ఓడుతూనే పెరిగిన నాకు, ఇదొక్కటైనా గెలవాలని పంతం పట్టుకుంది.

నాన్న కొత్తగా కొన్న డైనింగ్ టేబుల్ మీద మార్టూరు గ్రానైటు ముక్కలతో కోట లేచింది. బొటనవేలంత బంకమట్టి సైనికులు (అక్క గోళ్లరంగు పూశాక రాయలవారి సేన పెళ్లికి బయల్దేరినట్టుండేది), చింతపిక్కల ఏనుగులు. నడక టైలరు టేపుతో కొలవాలి, దెబ్బలు పాచిక తేల్చాలి. రూల్స్ అన్నీ బావే రాశాడు గానీ, కోటలో బియ్యం అయిపోతాయన్న రూలు మర్చిపోయాడు. నేను కోట తలుపులేసుకుని కూర్చున్నాను.

"బయటికొచ్చి యుద్ధం చెయ్యరా."

"రాను. ఇక్కడ బానే ఉంది."

వారం గడిచింది. నాన్న కింద కూర్చుని అన్నం తింటూ తన కొత్త బల్లను దూరం నుంచి చూసుకునేవాడు. ఆ ఆదివారం అమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. "బల్ల ఖాళీ అయ్యేదాకా మీ ఇద్దరికీ అన్నం లేదు."

"అత్తయ్యా, ఇంటికొచ్చిన మేనల్లుణ్ణి," అన్నాడు బావ.

"రాయలవారివి కదా నాయనా, నీ దండులోనే వండించుకో."

బావ అప్పటికప్పుడు ఇంకో రూలు పెట్టాడు: ముందు కుర్చీలోంచి లేచినవాడు ఓడినట్టు. వంటింట్లో గోంగూరలోకి ఎండుమిర్చి వేగుతోంది. ఇద్దరం దగ్గుతూ, ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నాం. రాయలవారు వంటింటి వైపు మెడ చాచారు.

"అత్తయ్యా, నెయ్యి ఉందా?"

"ఉంది. లేచినవాళ్లకి."

లేచాడు. చరిత్ర తిరగబడింది. నేను విజేతలాగా తీరిగ్గా సైన్యాన్ని డబ్బాలో సర్ది, కోట విప్పి, బల్ల తుడిచి (గెలిచినవాడికే ఆ పని పడుతుందని ఏ మాస్టారూ చెప్పలేదు) వెళ్లేసరికి గోంగూర గిన్నె అడుగు కనిపిస్తోంది. బావ ఆఖరి ముద్ద కలుపుతూ, "రండి మహాప్రభూ, మజ్జిగుంది," అన్నాడు.

ఇప్పటికీ ఫోన్ చేస్తే అలాగే పిలుస్తాడు. బావ మీద నేను గెలిచింది అదొక్కటే కాబట్టి వద్దనను. గుంటూరు బస్సు చిలకలూరిపేట దాటి కొండవీటి కొండలు కనపడగానే, పక్కవాళ్లు కోట ఎక్కడా అని కిటికీలోంచి వెతుకుతారు. నేను మాత్రం ఒళ్లో టిఫిన్ బాక్సు ఉందో లేదో తడిమి చూసుకుంటాను.