చిలకకు అయిదు వందల ఇరవై

ఇరవై రెండేళ్ల వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ చిక్కునైనా కాగితం మీద గళ్లు గీసి, గళ్లలో అంకెలు వేసి, నిలువుగా అడ్డంగా కలిపితే విడిపోతుందని. బడి నాకు అయిదో తరగతితోనే సరిపోయింది. ఆ తర్వాతి లెక్కలన్నీ బస్సు టికెట్ల వెనకా, బొమ్మలకు చుట్టే పాత కాగితాల మీదా నాకు నేనే నేర్చుకున్నవి. అలా నేర్చుకున్నవాడికి పొగరు కొంచెం ఎక్కువే ఉంటుంది. (తప్పు దిద్దే పంతులూ నేనే, తప్పు చేసే పిల్లవాడూ నేనే. ఇద్దరికీ ఎప్పుడూ గొడవ రాలేదు.) ఆ నమ్మకాన్ని ఒక చెక్క చిలక కొద్దిగా పక్కకు జరిపింది. ఎలా జరిపిందో ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడు నాలుగేళ్ల తర్వాతి మాట. నిర్మల్‌లో ఒక చిన్న బొమ్మల కార్ఖానాలో నేను లెక్క రాసేవాణ్ణి. పొనికి చెక్క ఎంత వచ్చింది, బొమ్మలు ఎన్ని తయారయ్యాయి, గంపల్లోకి ఎన్ని ఎక్కాయి, ఇదీ నా పని. పనివాళ్లు ఆరుగురు. అందరిలో పెద్దవాడు తాత. ఆ కార్ఖానాలో కుంచె పట్టిన ప్రతి చెయ్యీ ఆయన దగ్గర నేర్చుకున్నదే. చింతగింజలు నూరి బంక చేసే మామ ఒకరు. రంగు మీద మెరుగు పూసే వార్నీషు అన్న ఒకరు. గుర్రాలు, పండ్లు చేసే అన్నదమ్ములు ఇద్దరు. ఆరోవాడు మా అక్క మొగుడు, మా బావ. చిలకలు చెక్కడం ఆయన ఒక్కడి పనే. మరో బొమ్మ జోలికి పోయేవాడు కాదు.

కష్టం ఆ చిలకలతోనే వచ్చింది. గంపలో గడ్డి వేసి, బస్సు మీద కట్టి, నిజామాబాద్‌లో రైలెక్కించి హైదరాబాదు దుకాణానికి పంపేవాళ్లం. మొదటి గంపలో నలభై ఎనిమిది చిలకలు పోతే పంతొమ్మిదింటికి ముక్కులు విరిగాయి. రెండో గంపలో గడ్డి రెట్టింపు వేయించాను. ఇరవై మూడు విరిగాయి. గడ్డి పెరిగితే విరిగేవి తగ్గాలి కదా అని రెండు రోజులు ఆ రెండు అంకెల ముందు కూర్చున్నాను. అవి నాకేమీ చెప్పలేదు. దుకాణం నుంచి ఉత్తరం వచ్చింది, మూడో గంప కూడా ఇలాగే వస్తే ఇక చిలకలు పంపవద్దని. చిలకలు లేకపోతే బావకు కార్ఖానాలో పని లేదు. ఆయన అప్పటికే బెల్లంపల్లి బొగ్గు గనుల్లో పనికి పేరు ఇచ్చి వచ్చాడు. మా అక్క ఆ వారమంతా నాతో ఒక్క మాటే మాట్లాడింది. "నువ్వు లెక్కలు రాసెటోనివి గదరా తమ్మీ. గా ముక్కు ఎందుకిరుగుతున్నదో లెక్కగట్టు."

సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ట్రైనింగు సార్ దిగాడు. చిన్న పరిశ్రమలకు కొత్త పద్ధతులు నేర్పడానికి వచ్చిన మనిషి, కోస్తా వైపువాడు, చేతిలో తోలు సంచి. ముక్కుల సంగతి విని ఎంతో సంతోషించాడు. (కష్టం వింటే అంత సంతోషపడే మనిషిని నేను అదివరకు చూడలేదు.) ఆయన పద్ధతి ఇలా ఉంది. ముందు అందరూ మాట్లాడకుండా ఎవరి ఉపాయం వాళ్లు కాగితం మీద గీయాలి. పేరు వేయకూడదు, అంకె మాత్రం నేను వేయాలి. తర్వాత కాగితం పక్కవాడికి అందించాలి, అతను దానికి ఏదైనా కలపాలి. ఎవరూ ఎవరి ఉపాయాన్నీ బాగా లేదనకూడదు. చివరగా ఒక్కో ఉపాయానికి నాలుగు గళ్లు: గట్టిదనం, తేలిగ్గా చేయగలగడం, బరువు తక్కువ ఉండడం, బస్సు మీద నిలవడం. ఒక్కో గడిలో పదికి మార్కులు. గట్టిదనం మార్కులను నాలుగుతో, రెండోదాన్ని మూడుతో, మూడోదాన్ని రెండుతో హెచ్చవేసి, నాలుగోదాన్ని అలాగే ఉంచి కలపాలి. ఒక్కొక్కరు గరిష్ఠంగా నూరు వేయగలరు, ఆరుగురికి ఆరు వందలు. ఇది విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం నా పెళ్లినాడు కూడా కలగలేదని మా ఇంట్లో చెప్పకండి.

కాగితాలు తిరగడం మొదలైంది. బావ ఒక పెట్టె గీశాడు, అడుగున మంచపు స్ప్రింగులతో. పక్కనున్న వార్నీషు అన్నను ఏదైనా కలపమంటే పెట్టె చుట్టూ తీగ, తీగకు పువ్వులు కలిపాడు. ఆ పక్క అన్నదమ్ముల్లో ఒకడు మూత మీద నెమలిని కలిపాడు, రెండోవాడు చక్రాలు పెట్టాడు. బొమ్మలు వేసేవాళ్లను బొమ్మకు కలపమంటే అంచు కలుపుతారని సార్‌కు తెలియదు, నాకూ తట్టలేదు. ఆరు కాగితాల్లో అయిదు పెళ్లి పందిళ్లలా తయారయ్యాయి. తాత కాగితం మాత్రం ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చింది. తాత గీత మీద గీత గీసే ధైర్యం ఎవరికుంది? పేరు లేకపోతేనేం, రెక్క వంపు ఒక్కటి చూస్తే ఎవరి చెయ్యో అక్కడ అందరికీ తెలుసు.

మార్కులకు అంకెలు రాయడం ఇద్దరికే వచ్చు. అందుకని బంక కోసం తెచ్చిన చింతగింజలనే మార్కులుగా పెట్టమన్నాను. నేలమీద గళ్లు గీసి, ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, వాళ్లు పెట్టిపోయాక గింజలు లెక్కపెట్టి రాసుకున్నాను. మొదట బంక మామ వచ్చాడు. తాత కాగితం ముందు నాలుగు గళ్లలో పదేసి గింజలు పెట్టి, ఇంకో పిడికెడు పట్టుకుని నిలబడ్డాడు.

"పదికంటె ఎక్కువ ఏయరాదా? తాతకు పదేంది, నాకే సిగ్గనిపిస్తున్నది."

కుదరదన్నాను. తర్వాత వచ్చిన నలుగురూ తాతకు పదులే పెట్టారు. తమ కాగితానికి మాత్రం ప్రతి గడిలో ఒక్కటే గింజ, అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే లోకం ఏమనుకుంటుందని. బావ కాగితం దగ్గర అన్నదమ్ములు గింజలు తగ్గించి పగ తీర్చుకున్నారు, వరసకు వాళ్లు ఆయనకు బావమరుదులు. చివరికి తాత వచ్చి అన్ని గళ్లలో, తనదానికి కూడా, రెండేసి గింజలు పెట్టి వెళ్లిపోయాడు.

కలిపాను. తాతకు అయిదు వందల ఇరవై. బంక మామ గడ్డిపెట్టెకు మూడు వందల నలభై ఒకటి. బావకు రెండు వందల పదకొండు, అయిదో స్థానం. వార్నీషు అన్నకు రెండు వందల నాలుగు, ఆఖరు.

సార్ తాత కాగితం తీసి వెలుతురులో పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

"ఇది చిలక కదయ్యా?"

"చిలకనే సార్," అన్నాడు బంక మామ గర్వంగా.

"పెట్టె ఏది మరి?"

పెట్టె లేదు. గడ్డి లేదు. బస్సు లేదు. ఒక చిలక ఉంది, అంతే. దానికి బరువు తక్కువ ఉన్నందుకు యాభై రెండు గింజలు, బస్సు మీద నిలిచినందుకు యాభై రెండు. సార్ నన్ను మళ్లీ కలపమన్నాడు. నాలుగుసార్లు కలిపాను, నాలుగుసార్లూ అయిదు వందల ఇరవయ్యే. బాగా లేదని ఎవరూ అనకూడదని పెట్టింది ఆయనే కాబట్టి ఆయనా అనలేకపోయాడు. ఎక్కువ మార్కులు వచ్చినదాన్ని చేసి చూడాలన్నదీ ఆయన మాటే. తాత ముఖంలోకి చూశాం. తాత కుంచె కడుక్కుంటున్నాడు.

"గెలిచింది గదా, జేస్త," అని బావ ఆ కాగితం తీసుకుని ఉలి పట్టాడు. ఆయనకు అప్పటికే మనసు గనుల మీద ఉంది, చివరి చిలక ఏదైతేనేం అన్నట్టు మొదలుపెట్టాడు. అరగంటకు చెయ్యి ఆగింది. నన్ను పిలిచాడు.

"జర చూడరా. దీనికి ముక్కేది?"

చూశాను. ఆ చిలక తల వెనక్కి తిప్పి, ముక్కును వీపు మీది ఈకల్లో దాచుకుని నిద్రపోతోంది. మర్యాద కొద్దీ అందరం ఎవరి గీతో చూశాం కానీ ఏం గీశారో చూడలేదు. బయటికి పొడుచుకు వచ్చినది ఏదీ లేదు దానికి. విరగడానికి ఏమీ లేదు.

సార్ పరుగున తాత దగ్గరికి వెళ్లి, కావాలనే అలా ఆలోచించి గీశారా అని అడిగాడు. తాత కుంచెను గుడ్డకు తుడిచాడు.

"గప్పుడు నాకు కునుకు వస్తుండె సార్. నాకు వస్తే చిలకకు రాదా?"

సార్ తన పుస్తకంలో ఏదో రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. మూడో గంపలో నలభై ఎనిమిది నిద్ర చిలకలు వెళ్లాయి. నలభై ఎనిమిదీ చేరాయి, ఒకదాని తోక మీద రంగు మాత్రం కొంచెం లేచింది. ఇంకా పంపమని రాస్తూ, ఇవి ఎప్పుడు లేస్తాయని పిల్లలు అడుగుతున్నారని దుకాణం వాళ్లు చేర్చారు. బావ బెల్లంపల్లి వెళ్లలేదు. అక్క నాతో మాట్లాడింది, నేనే లెక్కగట్టి విడదీశాననుకుని. నేను కాదనలేదు.

ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎన్ని పట్టికలు గీశానో! ఆ చిలక తన మార్కులు ఏ గడిలో న్యాయంగా సంపాదించిందో మాత్రం తేల్చలేకపోయాను. పద్ధతి పనిచేసిందా, మర్యాద పనిచేసిందా, కునుకు పనిచేసిందా? ఒక్కటి మాత్రం నాకు కచ్చితంగా తెలుసు, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆనాడు గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు, అక్క ముఖం గుర్తొచ్చి, బావ కాగితం ముందు గట్టిదనం గడిలో మూడు గింజలు నేను కలిపాను. మూడు నాలుగులు పన్నెండు. అవి తీసేస్తే ఆయనకు వచ్చింది నూట తొంభై తొమ్మిది, అంటే ఆఖరు. నా జన్మలో తెలిసి చేసిన తప్పు లెక్క అదొక్కటే. అది ఇంకా ఎంతో బాగా పనిచేసి ఉంటే స్ప్రింగులూ చక్రాలూ నెమలీ ఉన్న ఆ పెట్టె గెలిచేది, బావ బొగ్గులోకి దిగేవాడు.

ఇప్పటికీ నలుగురు కలిసినప్పుడు బావ మీసం తిప్పి, "నేను అయిదో నంబరు, గీ వార్నీషోడే ఆఖరు," అంటాడు. వార్నీషు అన్న తల దించుకుంటాడు. నేను అలమారలోని నిద్ర చిలక వైపు చూస్తూ కూర్చుంటాను. అది లేవదు, నేనూ నోరు విప్పను.